మూడో తరగతి పాపకి టెస్టు రోజు పొద్దున్నే కడుపునొప్పి, క్లాసులో పేపరు ఖాళీ: ఏం చేయాలి?

కూకట్‌పల్లి నుంచి ఒక అమ్మ అడిగారు. పాప మూడో తరగతి. శనివారం స్లిప్ టెస్ట్ ఉందంటే శుక్రవారం సాయంత్రం నుంచే ముభావంగా అయిపోతుంది. పొద్దున లేవగానే కడుపునొప్పి అంటుంది, ఒక్కోసారి టిఫిన్ తిన్న వెంటనే వాంతి చేసుకుంటుంది. రాత్రి అడిగితే అన్నీ గడగడా అప్పజెప్తుంది. క్లాసులో మాత్రం సగం పేపరు ఖాళీగా ఇచ్చేసి వస్తుంది. "ఇది నిజంగా భయమా, ఎగ్గొట్టడానికి నాటకమా? టెస్టు రోజుల్లో మాన్పించమంటారా? ట్యూషన్ పెట్టమంటారా?" ఇదీ ప్రశ్న.

ముందు సూటిగా చెప్పేస్తాను. మీరు చెప్పినదాన్ని బట్టి ఇది నాటకం కాదమ్మా. నొప్పి నిజంగానే వస్తోంది. టెస్టు రోజు బడి మాన్పించకండి. ట్యూషన్ ఇప్పుడే వద్దు. చేయాల్సినవి మూడు: పాపకి తన ఒంట్లో ఏం జరుగుతోందో తనకి అర్థమయ్యేలా చెప్పండి. ఇంట్లో చదివించే పద్ధతి కొంచెం మార్చండి. పేపరు ఇంటికి వచ్చిన రోజు మీ నోటి నుంచి వచ్చే మొదటి మాట మార్చండి. నన్నడిగితే మూడోది అన్నిటికంటే పెద్ద పని. ఈ వయసు పిల్లల్లో చాలామంది భయపడేది ప్రశ్నలకి కాదు, ఆ పేపరు పట్టుకుని ఇంటికి వెళ్ళాక ఏమవుతుందోనని.

నేను ప్రైమరీ క్లాసులకి చాలా ఏళ్ళు పాఠాలు చెప్పాను. ఇప్పుడు మల్కాజిగిరి వైపు ఒక స్కూల్లో కౌన్సెలర్‌గా చేస్తున్నాను. టెస్టుల రోజు పొద్దున నా గదికి వచ్చే పిల్లల్లో ఎక్కువమంది చెప్పే మొదటి మాట "కడుపు నొప్పి మేడమ్" అనే. భయమేస్తోందని చెప్పడం ఎనిమిదేళ్ళ పిల్లకి ఇంకా రాదు. ఒళ్ళే చెప్తుంది.

ఆ నొప్పి ఎందుకొస్తుందో మీకు తెలిస్తే పాపని కసరాలనిపించదు. ప్రమాదం ఉందని మెదడు అనుకోగానే ఒంట్లో అడ్రినలిన్ విడుదలవుతుంది. గుండె వేగం పెరుగుతుంది. పారిపోవడానికో తిరగబడడానికో కావాలి కాబట్టి రక్తం పొట్ట వైపు తగ్గి కండరాల వైపు వెళ్తుంది. అరుగుదల మందగించి పొట్టలో తిప్పుతుంది, నోరు పిడచకట్టుకుపోతుంది, చేతులు చల్లబడతాయి. అప్పుడే తిన్న ఇడ్లీ బయటికి వచ్చేస్తుంది. ఎదురుగా కుక్క వచ్చినా ఇదే జరుగుతుంది, కూడికల పేపరు వచ్చినా ఇదే. ఇక "రాత్రి వచ్చినవన్నీ పొద్దున ఎక్కడికి పోయాయి" అంటారా? ఎక్కడికీ పోలేదు. లెక్క చేస్తూ అంకెలు గుర్తుపెట్టుకోవడానికి మనసులో ఉండే చోటు చాలా చిన్నది. "తప్పు రాస్తే ఎలా, అమ్మ ఏమంటుంది" అనే ఆలోచన ఆ చోటు ఆక్రమిస్తే, 47లో 19 తీసేయడానికి జాగా మిగలదు.

పాపకి దీన్ని ఎలా చెప్పాలి? నేను పిల్లలకి అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కథ చెప్తాను. "నీ తలలో ఒక వాచ్‌మన్ అంకుల్ ఉంటాడు. దొంగ వస్తే విజిల్ వేయాలి కదా, అది ఆయన పని. కానీ ఈ అంకుల్‌కి చీకట్లో సరిగ్గా కనపడదు. పిల్లి వచ్చినా విజిల్ వేసేస్తాడు. విజిల్ వినపడగానే నీ గుండె దడదడమంటుంది, పొట్ట నొప్పెడుతుంది. టెస్టు పేపరు దొంగా, పిల్లా?" పిల్లలు వెంటనే "పిల్లి" అని అరుస్తారు. "మరి అంకుల్‌ని తిట్టాలా?" అంటే ఆలోచిస్తారు. తిట్టక్కర్లేదు, 'అది పిల్లి అంకుల్, పడుకో' అని చెప్తే చాలని వాళ్ళే తేలుస్తారు. ఇది చెప్పాక పిల్లకి రెండు విషయాలు అందుతాయి: నాకేమీ జబ్బు లేదు, దీనికి నేనేదో చేయగలను. "భయపడకు, ఏం కాదు" అని వందసార్లు అన్నా ఈ రెండూ అందవు. పైగా "భయపడకు" అని పదేపదే అంటే, భయపడడం కూడా తన తప్పేనని అనుకుంటుంది.

ఇక చేత్తో చేసే పని. ఎడమ అరచేయి డెస్కు కింద విప్పి పెట్టుకుని, కుడి చూపుడు వేలితో బొటనవేలి అంచు మొదలుకుని ఒక్కో వేలి మీదుగా గీసుకుంటూ పోవాలి. వేలు పైకి వెళ్తున్నప్పుడు ముక్కుతో ఊపిరి లోపలికి, కిందికి దిగుతున్నప్పుడు నోటితో మెల్లగా బయటికి. వదిలేది తీసుకున్నదానికంటే నిదానంగా ఉండాలి, అసలు గుట్టు అక్కడే ఉంది. ఊపిరి నిదానంగా వదిలేటప్పుడు గుండె వేగం సహజంగా తగ్గుతుంది. అయిదు వేళ్ళు, అయిదు ఊపిర్లు, నిమిషం కూడా పట్టదు, పక్క పిల్లకి కూడా తెలీదు. కానీ ఒక షరతు: దీన్ని టెస్టు రోజు మొదటిసారి చేయిస్తే పని చేయదు. పడుకునే ముందు, స్కూలు బస్సులో, నిమ్స్ దగ్గరో అమీర్‌పేట దగ్గరో ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు, ఏ భయమూ లేని వేళల్లో రెండు మూడు వారాలు మీరూ కలిసి చేయండి. చేతికి అలవాటైతేనే భయంలో గుర్తొస్తుంది.

ఇప్పుడు చదివించే పద్ధతి. "ఇంట్లో అన్నీ చెప్తుంది" అన్నారు కదా. నేను తల్లిదండ్రుల్ని నా ముందే ఒకసారి పిల్లల చేత అప్పజెప్పించమంటాను. దాదాపు ప్రతిసారీ ఒకటే కనిపిస్తుంది. పుస్తకం అమ్మ ఒళ్ళో తెరిచి ఉంటుంది, వేలు లైను మీద ఉంటుంది. ప్రశ్నలు పాఠం వెనకున్న వరుసలోనే వస్తాయి. పిల్ల ఆగితే అమ్మ మొదటి ముక్క అందిస్తుంది: "మొక్కలు ఆహారాన్ని... ఆ... ఆకు..." అనగానే పిల్ల "ఆకుల్లో తయారుచేసుకుంటాయి" అని అందుకుంటుంది. అమ్మకి తను అందించినట్టే తెలీదు. పెదవి కదలిక చూసి చెప్పే పిల్లలు కూడా ఉన్నారు. క్లాసులో ఆ వేలూ లేదు, ఆ మొదటి ముక్కా లేదు, ప్రశ్నల వరుసా మారిపోయింది. అందుకే అక్కడ ఆగిపోతుంది. అంటే పాపకి సాయం లేకుండా ఇంకా రానిదాన్ని వచ్చని మీరిద్దరూ నమ్మారు. క్లాసులో అది బయటపడగానే పాప "నాకు చదివినా రాదు" అనే నిర్ణయానికి వచ్చేస్తుంది, వచ్చే వారానికి భయం ఇంకాస్త పెరుగుతుంది.

అందుకని అప్పజెప్పించడం తగ్గించి రాయించండి. చిన్న చీటీల మీద ఒక్కో ప్రశ్న రాసి స్టీలు డబ్బాలో వేయండి. పాప కళ్ళు మూసుకుని ఒక చీటీ తీసి, మీరు వంటింట్లో ఉండగా, తనే కూర్చుని జవాబు రాయాలి. నాలుగు చీటీలు చాలు, పదిహేను నిమిషాలు. తర్వాత పుస్తకం తెరిచి తనే దిద్దుకోవాలి, ఎర్ర పెన్ను మీ చేతికి రాకూడదు. మళ్ళీ మళ్ళీ చదివినదానికంటే, పుస్తకం మూసి గుర్తుతెచ్చుకుని రాసినది వారం తర్వాత ఎక్కువ నిలుస్తుందని 2006లో రోడిగర్, కార్పిక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు కాలేజీ విద్యార్థుల మీద చూపించారు. మూడో తరగతిలో నాకు కనిపించే అదనపు లాభం ఇంకొకటి: టెస్టంటే ఏమిటో పిల్లకి ఇంట్లోనే, ఎవరూ మార్కులు వేయని చోట, అలవాటైపోతుంది.

లెక్కలంటే మీకే చిన్నప్పటి నుంచి గుబులుంటే, లెక్కల హోంవర్కు ఆ గుబులు లేని మనిషికి అప్పగించండి. నాన్నో, బాబాయో, పై ఫ్లోర్‌లో ఉండే డిగ్రీ చదివే అక్కో. ఊరికే అనడం లేదు. అమెరికాలో ఒకటో, రెండో తరగతి పిల్లల మీద చేసి 2015లో ప్రచురించిన పరిశోధనలో, లెక్కలంటే భయపడే తల్లిదండ్రులు తరచూ హోంవర్కు చేయించిన పిల్లలు ఆ ఏడాది తక్కువ లెక్కలు నేర్చుకున్నారు, వాళ్ళకీ లెక్కల భయం పెరిగింది. ఆ తల్లిదండ్రులు అంతగా సాయానికి కూర్చోని ఇళ్ళలో ఆ తేడా కనిపించలేదు. మన నిట్టూర్పు కూడా పిల్లలు నేర్చుకుంటారు.

ఇక పేపరు ఇంటికొచ్చే రోజు. మన ఇళ్ళలో ప్రశ్నల వరుస నాకు బాగా తెలుసు. "ఎన్నొచ్చాయి?" "మిగతావి ఎక్కడ పోయాయి?" "ఫస్ట్ ఎవరు?" "ఆ పిల్లకి ఎన్నొచ్చాయి?" ఇవన్నీ ప్రేమతోనే అంటాం, కోపం కూడా ఉండదు. కానీ ఎనిమిదేళ్ళ పిల్ల ఇంట్లోకి అడుగుపెట్టేటప్పుడు మీ ముఖం చూస్తుంది. ఇరవైకి పద్దెనిమిది వచ్చినా ఆ రెండు గురించే మాట మొదలైతే, తనెప్పుడూ ఆ రెండు దగ్గరే నిలబడుతుంది. మొదటి పది నిమిషాలు పేపరు ఊసెత్తకండి. కాళ్ళు కడుక్కుని, పాలో ఉగ్గాణో ఏదో తిననివ్వండి. తర్వాత "ఏ ప్రశ్న నీకు బాగా నచ్చింది? ఏది రాసేటప్పుడు వాచ్‌మన్ విజిల్ వేశాడు?" అని అడగండి. మార్కులు తనే చెప్తుంది. తప్పులు సరిచేయడం మర్నాడు పెట్టుకోండి, అదీ రెండే తప్పులు.

నాలుగో తరగతి బాబు ఒకడి పేపరు నాకింకా కళ్ళకు కడుతుంది. మూడో ప్రశ్న దగ్గర కాగితం పల్చబడి, వెనక డెస్కు చెక్క కనిపించేంత చిల్లు పడింది. రాసి, రబ్బరుతో చెరిపి, మళ్ళీ అదే జవాబు రాసి, మళ్ళీ చెరిపాడు. నాలుగుసార్లూ రాసింది సరైన జవాబే. మిగతా ప్రశ్నలకి టైము లేదు. వాళ్ళమ్మ "వీడు స్లో మేడమ్" అన్నారు. వాడు స్లో కాదు, తప్పు రాసిన గుర్తు కాగితం మీద మిగలకూడదని పాపం ఆ యాతన. వాడికి మేం చేసింది చిన్న పని: ప్రాక్టీస్ షీట్లు రబ్బరు లేకుండా రాయడం. తప్పనిపిస్తే ఒక్క గీత కొట్టి పక్కన రాయాలి, ఆ కొట్టివేతకి మార్కు తగ్గదని టీచరు క్లాసంతటికీ చెప్పారు. మొదటివారం ఏడ్చాడు. నెల తిరిగేసరికి పేపరు చివరిదాకా రాయడం మొదలుపెట్టాడు. కొట్టివేతలు చాలానే ఉండేవి, ఉండనివ్వండి.

భయం అందరిలో ఒకలా కనపడదని చెప్పడానికే ఇది రాశాను. కొందరు నిమిషాల్లో గిలికి పేపరు ఇచ్చేస్తారు, త్వరగా బయటపడాలని. కొందరు టాయిలెట్‌కి మాటిమాటికీ వెళ్తారు. కొందరు క్లాసులో అల్లరి మొదలుపెడతారు. వీళ్ళకి దెబ్బలు పడతాయి, నిజానికి వాళ్ళదీ మీ పాప బాధే.

మాన్పించొద్దని ఎందుకన్నానంటే: ఇంట్లో ఉంచిన క్షణం పిల్లకి ప్రాణం లేచొస్తుంది. ఒళ్ళు ఆ హాయిని గుర్తుపెట్టుకుంటుంది. వచ్చే శనివారం నొప్పి ఇంకా గట్టిగా వస్తుంది, పిల్ల కావాలని చేయకపోయినా. వెళ్ళి, భయపడుతూనే రెండు జవాబులు రాసి వచ్చిందంటే, అది కూడా ఒళ్ళు గుర్తుపెట్టుకుంటుంది. టెస్టు రోజు పొద్దున టిఫిన్ కొంచెమే పెట్టండి, పెరుగన్నమో అరటిపండో, తేలిగ్గా. బస్సు ఎక్కే దాకా పుస్తకం చేతిలో పెట్టకండి. "అన్నీ చదివావు కదా? అది గుర్తుందా?" అని గేటు దగ్గర అడిగే చివరి ప్రశ్న పిల్లల్ని ఎంత కుదిపేస్తుందో నేను రోజూ చూస్తాను.

పరీక్షకి ముందు తమ భయాల్ని పది నిమిషాలు కాగితం మీద రాసుకున్న విద్యార్థులు మెరుగ్గా రాశారని 2011లో షికాగో యూనివర్సిటీ పరిశోధకులు ప్రచురించారు. వాళ్ళు బడిలో పరీక్షించింది తొమ్మిదో తరగతి పిల్లల్ని. చిన్నపిల్లలకి అంత రాయడం రాదు కాబట్టి నేను బొమ్మ వేయిస్తాను. ముందురోజు సాయంత్రం "రేపటి భయం ఎలా ఉంటుందో వెయ్యి" అంటే ఒక పాప పెద్ద నోరున్న గడియారం వేసింది. తన భయం టైము అయిపోతుందనేనని అప్పుడు తెలిసింది, అంతదాకా అందరం మార్కులనుకున్నాం. మీరూ వేయించి చూడండి. వేసిన బొమ్మకి జవాబు చెప్పబోకండి, ఊరికే వినండి.

స్కూలుతో ఏం మాట్లాడాలి? ప్రిన్సిపాల్ దాకా వెళ్ళకుండా ముందు క్లాస్ టీచరునే కలవండి. పీటీఎంలో (టీచర్లు, తల్లిదండ్రుల మీటింగులో) అందరి ముందూ కాదు, విడిగా టైము అడిగి. నిందగా కాకుండా సాయంగా అడగండి. టీచర్లకి ఒక్కో సెక్షన్లో నలభై మంది దాకా ఉంటారు, వాళ్ళకీ ఊపిరాడదు. మూడు అడిగితే చాలు: పేపరు ఇచ్చాక ప్రశ్నలన్నీ ఒకసారి గట్టిగా చదివి వినిపించడం, వచ్చిన ప్రశ్న ముందు రాయొచ్చని పాపకి గుర్తుచేయడం, మార్కులు క్లాసులో పేరు పెట్టి చదవకపోవడం. మంచి టీచర్లు చాలామంది సంతోషంగా ఒప్పుకుంటారు. ఒకవేళ మార్కులు తగ్గితే బెంచీ ఎక్కించడం, కొట్టడం, అందరి ముందు ఎగతాళి చేయడం జరుగుతుంటే అది వేరే సంగతి. విద్యా హక్కు చట్టం, 2009లోని 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. అప్పుడు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వడానికి వెనకాడకండి.

ఇదే చట్టంలో మీ పాపకి చెప్పాల్సిన మాట ఇంకొకటుంది. "ఫెయిలయితే మళ్ళీ థర్డ్ క్లాసేనంట" అని పిల్లలు ఒకరికొకరు చెప్పుకుని వణికిపోతుంటారు. మూడో తరగతిలో ఎవరినీ అలా ఆపడానికి లేదు. 2019 సవరణ తర్వాత 5, 8 తరగతులకి మాత్రమే పరీక్ష పెట్టి, తప్పినవాళ్ళకి రెండు నెలల్లో మళ్ళీ అవకాశం ఇచ్చి, అప్పటికీ పాసవకపోతే ఆపే వీలు ప్రభుత్వాలకి కల్పించారు. పాపకి అంతా అక్కర్లేదు. "నువ్వు ఫోర్త్‌కి వెళ్తావు, అది ఖాయం" అని చెప్పండి చాలు.

మొక్కుల గురించి కూడా ఒక మాట. పరీక్షకి ముందు దేవుడికి దణ్ణం పెట్టుకోవడం పిల్లలకి నిబ్బరం ఇస్తుంది, తప్పకుండా పెట్టించండి. కానీ "ఫస్ట్ వస్తే చిలుకూరులో 108 ప్రదక్షిణలు చేస్తానని మొక్కుకున్నాను, నా పరువు నిలబెట్టు" అని పిల్లతో అనకండి. మీ మొక్కు బరువు కూడా ఆ పిల్లే మోయాల్సొస్తుంది. నానమ్మ, తాతయ్యలకి కూడా ఇది మెల్లగా, వాళ్ళు నొచ్చుకోకుండా చెప్పాలి.

ఇవన్నీ మొదలుపెట్టే ముందే రెండు చూపించేయండి. ఒకటి కళ్ళు. బోర్డు మీది ప్రశ్న కనపడక ఖాళీగా వదిలేసిన పిల్లల్ని చూశాను. మెహదీపట్నం సరోజినీదేవి కంటి ఆసుపత్రి అయినా సరే, మీ దగ్గర్లో కంటి డాక్టరైనా సరే. రెండోది చదవడం. పాప చేత ఎప్పుడూ చూడని కథ ఒకటి గట్టిగా చదివించండి. అక్షరాలు తారుమారు చేస్తూ, పదాన్ని ఊహించి చదువుతూ, చెప్తే అంతా అర్థమై రాతలోనే తడబడుతుంటే, అది భయం కాదు, భయానికి మూలం. అది నేర్చుకోవడంలోని ప్రత్యేక ఇబ్బందేమోనని (స్పెసిఫిక్ లెర్నింగ్ డిజబిలిటీ అంటారు) పరీక్ష చేయించాలి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం దీన్ని గుర్తించింది, అలాంటి పిల్లలకి పరీక్షల్లో అదనపు సమయం లాంటి వెసులుబాట్లు ఉంటాయి.

కడుపునొప్పి విషయంలో: టెస్టు రోజుల్లోనే వచ్చి సెలవుల్లో మాయమైతే నేను చెప్పినదే అయ్యుండొచ్చు. అయినా పిల్లల డాక్టరుకి ఒకసారి చూపించండి. రాత్రి నిద్రలోంచి లేపేసే నొప్పి, బరువు తగ్గడం, జ్వరం, మలంలో రక్తం, మాటిమాటికీ వాంతులు ఉంటే ఆలస్యం చేయకండి. రెండు నెలలు ఓపిగ్గా చేసినా మార్పు లేకపోతే, లేదా టెస్టు లేని రోజుల్లోనూ నిద్ర, తిండి, ఆటలు తగ్గిపోతే, బడికే వెళ్ళనంటే, "నేను లేకపోతే బాగుండు" లాంటి మాట ఒక్కసారి అన్నా, పిల్లల మానసిక నిపుణుల దగ్గరికి తీసుకెళ్ళండి. ఎక్కడికెళ్ళాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి. ఉచితం, ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. మన ఊళ్ళో ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి పేరు వింటేనే జనం జంకుతారు, "మా పిల్లకేమన్నా పిచ్చా" అంటారు. జ్వరానికి డాక్టరు ఎలాగో భయానికీ అలాగే.

ట్యూషన్ ఎందుకు వద్దన్నానో చెప్పి ముగిస్తాను. మీ పాపకి తక్కువైంది పాఠం కాదు. సాయంత్రం ట్యూషన్ అంటే ఆట పోతుంది, నిద్ర తగ్గుతుంది, అక్కడ ఇంకో టెస్టు, ఇంకో మార్కుల లిస్టు. ఆ గంట కింద పార్కింగ్‌లో పిల్లలతో ఆడనివ్వండి. డబ్బాలో చీటీలు రాసే పదిహేను నిమిషాలు, వేళ్ళ మీద ఊపిరి, రాత్రి తొమ్మిదిన్నరలోపు నిద్ర, ముందు వీటితో ఒక టర్మ్ గడవనివ్వండి. ఒక సబ్జెక్టులో నిజంగా పాఠమే అర్థం కాలేదని చీటీల్లో తేలితే, అప్పుడు ఆ సబ్జెక్టుకి మాత్రం ఎవరైనా ఓపికగా చెప్పేవాళ్ళని చూడండి. ఈ శనివారం టెస్టు ఎలా జరిగిందో, పాప భయం బొమ్మ ఏం వేసిందో ఇక్కడే రాయండి, చూసి చెప్తాను.